చూపు పోయినా లెక్క ఆగలేదు
(గణిత మేధావి లియొనార్డ్ ఆయిలర్ జీవితం)

మన సంఘం ప్రత్యేక సంచికల్లో సాధారణంగా దేశనాయకుల జీవితాలు, యాత్రా విశేషాలు, ఆరోగ్య సూత్రాలు వస్తుంటాయి. ఈసారి నేను ఒక గణిత శాస్త్రజ్ఞుని గురించి రాయదలచాను. లెక్కలంటే గిట్టని మిత్రులు పేజీ తిప్పేయవద్దని మనవి. ఎందుకంటే ఆయన కూడా మనలాగే నెల జీతం మీద బతికిన ఉద్యోగి. మూడు ప్రభుత్వాల కాలంలో కాదు, అంతకన్నా ఎక్కువమంది ఏలికల కాలంలో కొలువు చేశారు. పైవారి ఆదరణ చూశారు, చిన్నచూపూ చూశారు. తన తదనంతరం భార్యకు పింఛను రావాలని షరతు పెట్టి మరీ ఉద్యోగంలో చేరారు. మనం రిటైరైన వయసుకు వచ్చేసరికి ఆయనకు కంటిచూపు దాదాపుగా పోయింది. ఆ తరువాత పదిహేడేళ్ళు ఆయన చేసిన పని చూస్తే మనం చేతులెత్తి నమస్కరించాలి. ఆయన పేరు లియొనార్డ్ ఆయిలర్.

బాల్యం – చదువు

ఆయిలర్ గారు 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జన్మించారు. తండ్రి పాల్ ఆయిలర్ క్రైస్తవ మతగురువు. తల్లి మార్గరెట్ బ్రుకర్ కూడా మతగురువు కూతురే. ఆయన చిన్నతనం బాసెల్ పక్కనున్న రీహెన్ అనే గ్రామంలో గడిచింది. తండ్రిగారు తమ విద్యార్థి దశలో యాకోబ్ బెర్నూలీ అనే గొప్ప గణితవేత్త పాఠాలు విన్నవారు. కొడుక్కి తొలి లెక్కలు ఆయనే నేర్పారు. అయినా కొడుకు తనలాగే చర్చి సేవలో స్థిరపడాలన్నదే ఆయన కోరిక.

పదమూడో ఏట ఆయిలర్ బాసెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ ఆచార్యులు. ప్రైవేటు పాఠం చెప్పే తీరిక ఆయనకు లేదు. కష్టమైన పుస్తకాలు సొంతంగా చదువుకోమని, అర్థం కాని చోట్లు గుర్తు పెట్టుకొని శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమని అనుమతి ఇచ్చారు. కుర్రవాడు వారమంతా పుస్తకంతో కుస్తీపట్టి, తేలనివి మాత్రమే పట్టుకెళ్ళేవాడు. కొంతకాలానికి బెర్నూలీ గారే తండ్రితో మాట్లాడి, ఈ పిల్లవాడు లెక్కలకోసం పుట్టినవాడని నచ్చజెప్పారు. మంచి గురువు ఒక్కమాట సాయం చేస్తే జీవితం ఎటు మలుపు తిరుగుతుందో చూడండి.

తొలి కొలువు

1727లో బాసెల్‌లో భౌతికశాస్త్ర ఆచార్య పదవి ఖాళీ అయింది. ఆయిలర్ దరఖాస్తు పెట్టారు. ఇరవై ఏళ్ళు కూడా నిండని ఆ యువకునికి అది దక్కలేదు. సొంత ఊరు కాదన్న ఉద్యోగాన్ని పరాయి దేశం పిలిచి ఇచ్చింది. రష్యాలో పీటర్ చక్రవర్తి తలపెట్టిన విజ్ఞాన పరిషత్తు సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో అప్పుడే కాళ్ళూనుకొంటున్నది. గురువుగారి కుమారుడు డేనియల్ బెర్నూలీ అక్కడే ఉన్నారు. ఆయన ప్రోద్బలంతో ఆయిలర్ 1727 మే 17న ఆ నగరంలో అడుగుపెట్టారు. సరిగ్గా ఆనాడే చక్రవర్తిని మొదటి కేథరిన్ మరణించింది. కొత్త ఏలికలకు పరిషత్తు మీద అంత మక్కువ లేదు. జీతాలకు ఇబ్బంది వచ్చింది. ఆయిలర్ కొంతకాలం రష్యా నౌకాదళంలో వైద్య విభాగపు లెఫ్టినెంటుగా కూడా పని చేశారు. తరువాత భౌతికశాస్త్ర ఆచార్యులై, డేనియల్ స్వదేశానికి వెళ్ళిపోగా 1733లో గణిత పీఠానికి అధిపతి అయ్యారు.

1734 జనవరిలో కేథరీనా గ్సెల్ అనే చిత్రకారుని కుమార్తెను వివాహమాడారు. వారికి పదముగ్గురు సంతానం కలిగారు. పెరిగి పెద్దవారైనది అయిదుగురే. ఆ కాలంలో ఇంటింటా ఉన్న దుఃఖమే అది. పిల్లలు చుట్టూ ఆడుకుంటుంటే, ఒక పసివాణ్ణి ఒడిలో పెట్టుకొని లెక్కలు రాసుకొనేవారని ఆయన గురించి చెప్పుకొంటారు.

1735 ప్రాంతంలో తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణాపాయం దాకా వెళ్ళింది. 1738 నాటికి కుడికన్ను చూపు దాదాపుగా పోయింది. రష్యా దేశపటాలు తయారుచేసే పనిలో రాత్రింబవళ్ళు కళ్ళు పొడుచుకోవడమే ఇందుకు కారణమని ఆయన నమ్మకం. ఆఫీసులో చిన్న అక్షరాల రిజిస్టర్లు ముప్పయ్యేళ్ళు తిరగేసిన మనకు ఆ బాధ ఇట్టే తెలుస్తుంది.

బెర్లిన్‌లో పాతికేళ్ళు

1741లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ ఆహ్వానంపై ఆయిలర్ బెర్లిన్ వెళ్ళారు. అక్కడ పాతికేళ్ళు ఉన్నారు. చేసినది లెక్కల పని ఒక్కటే కాదు. నక్షత్రశాల పర్యవేక్షణ, ఉద్యానవనం బాగోగులు, సిబ్బంది ఎంపిక, పంచాంగాలు, దేశపటాల ముద్రణ, వాటి అమ్మకాల జమాఖర్చులు ఆయన మీదనే పడ్డాయి. కాలువల మట్టం సరిచూడడం, రాజుగారి తోటలో నీటి పంపులు, లాటరీల లెక్కలు కూడా ఆయన దగ్గరికే వచ్చాయి. మనుషుల ఆయుర్దాయాన్ని అంచనా కట్టి, జీవితాంతం ఏటా ఇంత సొమ్ము పొందాలంటే ముందుగా ఎంత కట్టాలో తేల్చే లెక్కల మీద కూడా ఆయన వ్యాసాలు రాశారు. మన పింఛన్ల వెనుక నడిచే గణితానికి పునాదులు వేసినవారిలో ఆయన ఒకరన్నమాట.

ఇంత చేసినా రాజుగారి మనసు మాత్రం గెలవలేకపోయారు. ఫ్రెడరిక్‌కు చమత్కారంగా మాట్లాడే ఫ్రెంచి పండితులంటే ఇష్టం. ఆయిలర్ నెమ్మదస్తుడు, దైవభక్తుడు, మాటకారి కాడు. ఆయన ఒంటికన్నును కూడా రాజు ఎగతాళి చేసేవాడు. పరిషత్తు అధ్యక్ష పదవి ఖాళీ అయినప్పుడు రాజు ఫ్రాన్సు నుండి దాలంబేర్ అనే పండితుణ్ణి పిలిచాడు. ఆ దాలంబేరే పదవి వద్దని చెప్పి, ఆయిలర్‌ను మించినవారు లేరని సిఫార్సు చేశాడు. అయినా రాజు వినలేదు. సీనియారిటీ, సామర్థ్యం రెండూ ఉండి ప్రమోషను రాని వ్యథ మన సర్వీసులో ఎందరికో అనుభవమే.

పీటర్స్‌బర్గ్ పరిషత్తు మాత్రం ఆయన్ను మరచిపోలేదు. బెర్లిన్‌లో ఉన్నంతకాలం పింఛను పంపుతూనే వచ్చింది. 1760లో రష్యా సేనలు బెర్లిన్ మీద పడినప్పుడు ఆయన పొలం దోపిడీకి గురైంది. అది ఎవరి పొలమో తెలిశాక రష్యా సేనాని నష్టపరిహారం ఇప్పించాడు. చక్రవర్తిని ఎలిజబెత్ ఆపైన నాలుగు వేల రూబుళ్ళు పంపింది.

ప్రతిక్షేపణ అంటే ఏమిటి?

బెర్లిన్‌లో ఉండగానే ఆయిలర్ గణిత విద్యను ఆద్యంతం క్రమపద్ధతిలో పెట్టే పెద్ద గ్రంథాలకు పూనుకొన్నారు. 1748లో ఒకటి, 1755లో అవకలన గణితం మీద మరొకటి వెలువడ్డాయి. సమాకలన గణితం మీద మూడు సంపుటాలు 1768 నుండి 1770 మధ్య పీటర్స్‌బర్గ్‌లో అచ్చయ్యాయి. ఈ చివరి గ్రంథంలోని ముఖ్యమైన ఉపాయాల్లో ఒకటి ప్రతిక్షేపణ. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదివే మన మనుమలు, మనుమరాళ్ళు నేడు కుస్తీపడుతున్నది దీనితోనే.

సమాకలనం అంటే రెండు ముక్కల్లో చెబుతాను. కుళాయి ధార క్షణక్షణానికీ మారుతున్నదనుకోండి. ఏ క్షణాన ఎంత ధారో తెలిస్తే, గంటలో తొట్టిలో చేరిన నీరు మొత్తం ఎంతో తేల్చే లెక్క అది. 17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిజ్ దీనికి దారి వేశారు. అయితే చాలా సందర్భాల్లో ఆ లెక్క నేరుగా లొంగదు. అప్పుడు చిక్కుగా ఉన్న భాగాన్ని తీసి దాని స్థానంలో ఒక కొత్త అక్షరం పెట్టాలి. పని పూర్తయ్యాక పాత అక్షరాన్ని తిరిగి తేవాలి. ఇదే ప్రతిక్షేపణ.

మా మనుమరాలు ఒకరోజు, తాతయ్యా, అక్షరం మార్చినంత మాత్రాన లెక్క ఎలా తేలికవుతుందని అడిగింది. నాకు చేతనైన ఆఫీసు భాషలో చెప్పాను. ఒక గుమాస్తా సెలవు పెడితే ఆ సీటుకు ఇన్‌ఛార్జిని వేస్తాం. కుర్చీలో మనిషిని మార్చి, బీరువా తాళాలు పాత మనిషి దగ్గరే ఉంచితే పని సాగుతుందా? ఛార్జి పూర్తిగా అప్పగించాలి. ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అన్నది కూడా ఉత్తర్వులో మార్చాలి. లెక్కలోనూ అంతే.

ఒక ఉదాహరణ చూడండి. ఎక్స్ వర్గానికి 1 కలిపి, దాన్ని అయిదో ఘాతానికి పెంచి, వచ్చినదాన్ని 2 ఎక్స్‌తో గుణించామనుకోండి. ఎక్స్ 0 నుండి 1 వరకు సాగితే దీని సమాకలనం కావాలి. విప్పి రాస్తే ఆరు పదాలు బారులు తీరుతాయి. అలా కాకుండా, ఎక్స్ వర్గానికి 1 కలిపిన మొత్తానికి టి అని పేరు పెడదాం. ఎక్స్ రవ్వంత పెరిగితే టి అందుకు 2 ఎక్స్ రెట్లు పెరుగుతుంది. ఆ 2 ఎక్స్ మన లెక్కలో ముందే సిద్ధంగా ఉంది. అంటే తాళాలు చేతికి వచ్చేశాయి. ఇక మిగిలింది టి అయిదో ఘాతం. దాని సమాకలనం టి ఆరో ఘాతంలో ఆరో వంతు. హద్దులు కూడా మారాలి. ఎక్స్ 0 అయితే టి 1, ఎక్స్ 1 అయితే టి 2. రెండు ఆరో ఘాతం 64, అందులోంచి 1 తీస్తే 63, ఆరుతో భాగిస్తే పదిన్నర. లెక్క ముగిసింది.

ఈ ఉపాయం ఆయిలర్‌కు ముందే ఉంది. ఆయన గొప్పతనం, ఎక్కడ ఏది ప్రతిక్షేపించాలో వరుసగా దారి చూపడం. వర్గమూలం అడ్డువచ్చిన లెక్కలు ఆ రోజుల్లో పెద్ద చిక్కు. ఉదాహరణకు ఎక్స్ వర్గానికి 1 కలిపి వర్గమూలం తీసి, దానితో 1ని భాగించిన రాశిని తీసుకోండి. ఇక్కడ ఆ వర్గమూలాన్ని టి మైనస్ ఎక్స్ అనుకొమ్మంటారు ఆయిలర్. రెండువైపులా వర్గం చేస్తే ఎక్స్ వర్గం అటూ ఇటూ కొట్టుకుపోతుంది. దాంతో ఎక్స్‌ను గాని, ఆ వర్గమూలాన్ని గాని టి తోనే, మూలం గుర్తు లేకుండా రాయవచ్చు. అంతా సర్దితే మిగిలేది 1 బై టి మాత్రమే. దాని సమాకలనం టి యొక్క సంవర్గమానం. టి స్థానంలో ఎక్స్ ప్లస్ ఆ వర్గమూలం అని తిరిగి రాస్తే సమాధానం వచ్చేసినట్లే. ఇలాంటి వాటిని ఇప్పటికీ ఆయిలర్ ప్రతిక్షేపణలు అనే పిలుస్తారు.

మళ్ళీ పీటర్స్‌బర్గ్ – పింఛను షరతు

బెర్లిన్‌లో మర్యాద తగ్గిందని గ్రహించి ఆయిలర్ 1766లో రష్యాకు తిరిగివచ్చారు. అప్పటికి రెండవ కేథరిన్ చక్రవర్తిని. ఆయన పెట్టిన షరతులు ఇవి: తనకు ఏడాదికి మూడు వేల రూబుళ్ళ జీతం, భార్యకు పింఛను, కుమారులకు తగిన పదవులు. చక్రవర్తిని అన్నింటికీ ఒప్పుకొంది. ఆనాడే కుటుంబ పింఛను గురించి ఆలోచించిన ఉద్యోగిగా ఆయన్ను మన సంఘం గౌరవ సభ్యునిగా చేర్చుకోవచ్చు.

అంతా కుదుటపడిందనుకొన్న ఆ ఏడాదే రెండో కంటిలో శుక్లం కనిపించింది. చూపు త్వరత్వరగా తగ్గిపోయింది. వయసు 59. చేతిలో ఎన్నో గ్రంథాలు, ఎన్నో వ్యాసాలు సగంలో ఉన్నాయి. లెక్క అంటే రాసి చూసుకొనే విద్య. కాగితం మీద గీత కనబడకపోతే గణితవేత్త ఏం చేయాలి?

1771లో కంటికి శస్త్రచికిత్స చేశారు. కొద్దిరోజులు లోకం మళ్ళీ కనిపించింది. అంతలోనే కన్ను చీముపట్టి, ఉన్న కాస్త చూపూ పోయింది. ఇది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. నాకూ రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చాను. వారం తిరిగేసరికి పేపరు చదివాను. చుక్కల మందు వేసుకోవడానికి విసుక్కొనే మనం, క్రిములంటే ఏమిటో తెలియని ఆ రోజుల్లో కత్తికి కన్ను అప్పగించిన ఆ పెద్దాయనను తలచుకోవాలి.

అదే 1771లో నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆయన ఇల్లు కాలిపోయింది. బాసెల్ నుండి వచ్చి స్థిరపడిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోకి దూరి, ఆ చూపులేని వృద్ధుణ్ణి భుజాన వేసుకొని బయటకు తెచ్చాడు. రాతప్రతులు చాలావరకు దక్కాయి. 1773లో భార్య కేథరీనా కాలం చేసింది. నలభై ఏళ్ళకు ఒక ఏడాది తక్కువ కాపురం వారిది. ఆమెకోసం అడిగి తెచ్చుకొన్న పింఛను ఆమె అనుభవించకుండానే పోయింది. మూడేళ్ళ తరువాత ఆమె సవతి చెల్లెలు సలోమీని ఆయన వివాహమాడారు.

కన్నుకు బదులు

ఇన్ని దెబ్బలు తగిలినా పని ఆగలేదు. పోయిన కంటి స్థానంలో ఆయన తన జ్ఞాపకశక్తిని, చెవిని, ఇతరుల చేతిని పెట్టుకొన్నారు. లాటిన్ భాషలోని ఇనియడ్ మహాకావ్యం మొత్తం ఆయనకు కంఠస్థం. మన అవధానుల ధారణకు అలవాటుపడిన వారికి ఇది వింత కాకపోవచ్చు. పెద్ద పెద్ద సూత్రాలు మనసులోనే నడిపి, తేలినదాన్ని నోటితో చెప్పేవారు. మూడు ప్రక్కల నుండి మనుషులు అందుకొనేవారు. పెద్ద కుమారుడు యోహాన్ ఆల్‌బ్రెక్ట్, శిష్యులు క్రాఫ్ట్, లెక్సెల్, 1773లో బాసెల్ నుండి వచ్చిన నికొలాస్ ఫుస్ ఆయనకు కళ్ళయ్యారు.

బీజగణితం మీద ఆయన రాసిన పుస్తకం 1770లో జర్మన్ భాషలో వెలువడింది. దాన్ని రాసిపెట్టినవాడు దర్జీ పని నేర్చుకొన్న ఒక కుర్ర సేవకుడు. లెక్కల వాసన తెలియనివాడు. అతనికి అర్థమయ్యేటట్లు చెబుతూ రాయించారు కనుకనే ఆ పుస్తకం అంత సులభంగా ఉంటుందని, పుస్తకం పూర్తయ్యేసరికి ఆ కుర్రవానికి బీజగణితం వచ్చేసిందని అంటారు.

ప్రతిక్షేపణ విద్యను కూడా ఆయన ఈ చీకటి రోజుల్లోనే ఇంకో మెట్టు ఎక్కించారు. అంతవరకు ఒక్క అక్షరాన్ని మార్చడమే తెలుసు. రెండు అక్షరాలు కలిసి ఉండే జంట సమాకలనంలో రెంటినీ ఒకేసారి ఎలా మార్చాలో, అప్పుడు ఛార్జి అప్పగింత ఎలా జరగాలో 1769 నాటి వ్యాసంలో చూపారు. 1772లో చంద్రుని గమనం మీద కొడుకు, శిష్యుల సాయంతో బృహద్గ్రంథం వెలువరించారు. 1775లో సగటున వారానికొక వ్యాసం తయారైంది. వితంతువుల సహాయనిధులు ఎలా నడపాలో వివరించే పుస్తకం ఒకటి ఆయన మార్గదర్శకత్వంలో 1776లో అచ్చయింది. ఆయన మొత్తం రచనలు 866 అని జాబితా వేశారు. అందులో సగం వరకు ఈ రెండో పీటర్స్‌బర్గ్ కాలానివే.

చివరి రోజు

1783 సెప్టెంబరు 18. ఆయన వయసు 76. ఆ ఉదయం మనుమడికి లెక్కల పాఠం చెప్పారు. ఆ ఏడాదే ఫ్రాన్సులో వేడిగాలి బుడగలు ఎగిరిన వార్త యూరప్ అంతటా పాకింది. అవి ఎంత ఎత్తుకు లేస్తాయో పలక మీద లెక్క కట్టారు. భోజనం తరువాత శిష్యులతో, రెండేళ్ళ కిందట కనుగొన్న యురేనస్ గ్రహం కక్ష్య గురించి మాట్లాడారు. సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో మెదడులో రక్తనాళం చిట్లి స్పృహ తప్పారు. ఆ రాత్రికే ప్రాణం పోయింది.

ఆయన పోయాక కూడా, మిగిలిపోయిన వ్యాసాలు అచ్చువేయడానికి పరిషత్తుకు దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. సంపూర్ణ రచనల ప్రచురణ 1911లో మొదలై నూరేళ్ళకు పైగా సాగింది. స్విట్జర్లాండు తన పది ఫ్రాంకుల నోటు మీద ఒకప్పుడు ఆయన బొమ్మ వేసుకొంది. ఆ రోజు కాదన్న సొంతగడ్డే చివరికి జేబులో పెట్టుకొని తిరిగింది.

మిత్రులారా, మనలో కొందరికి చూపు మందగించింది. కొందరికి వినికిడి తగ్గింది. కొందరికి తోడు వెళ్ళిపోయింది. పోయినది పోలేదని ఆయిలర్ ఎన్నడూ అనుకోలేదు. దాని స్థానంలో మరొకటి పెట్టి లెక్క నడిపించారు. పెట్టినదానికి పూర్తి ఛార్జి అప్పగించారు, తన మాట రాసే కుర్రవాణ్ణి నమ్మారు, శిష్యులను నమ్మారు. ఇంట్లో మనుమడో మనుమరాలో ఆ సమాకలనాల అధ్యాయం తెరిచి కూర్చున్నప్పుడు, ఈ పద్ధతికి పేరిచ్చిన పెద్దాయన కళ్ళు లేకుండా పదిహేడేళ్ళు పని చేశాడని ఒక్కమాట చెప్పండి. పిల్లలకు లెక్క మీద భయం కొంత తగ్గుతుంది. మనకు వయసు మీద భయం కూడా కొంత తగ్గుతుంది.